నిఘా కొలువుకు ఉస్తాద్ ఎక్కడ దొరుకుతాడు?

పదిహేడేళ్లు సైన్యం సిగ్నల్స్ విభాగంలో పనిచేసి నల్లగొండ బస్టాండులో ట్రంకుపెట్టెతో దిగిన హవల్దారుకు మొదట దొరికే కొలువు ఏదో ఒక గేటు దగ్గరే ఉంటుంది. బ్యాంకు గేటు, పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీ గేటు, లేదంటే పట్నంలో అపార్టుమెంటు గేటు. గేటు కొలువు తక్కువదేమీ కాదు, ఇల్లు గడుస్తుంది. కానీ వైర్‌లెస్‌లో వినబడే గొంతు నిన్నటి మనిషిదేనా కాదా అని పోల్చి చెప్పినవాడు, రాత్రంతా మూగగా ఉన్న సెట్టు తెల్లవారుజామున రెండు ముక్కలు పలికితే వాటికి అర్థం వెతికినవాడు ఇప్పుడు రిజిస్టరులో బండి నంబర్లు రాసుకుంటూ కూర్చున్నాడంటే ఎక్కడో లెక్క తప్పినట్టే.

నిఘా పని అంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ సరిగా తెలియదు. చాలాసార్లు ఆ పని చేసొచ్చిన ఫౌజీకే తెలియదు. ఇది ఒక కారణం. ఇంకోటి ముదిరిన జబ్బు: కొలువు అనగానే ‘మనకు తెలిసిన సార్ ఎవరన్నా ఉన్నారా’ అని వెతకడం. మన దగ్గర దీన్ని పైరవీ అంటారు. బదిలీలకూ బిల్లులకూ అది పనిచేస్తుందేమో గానీ, నిఘా కొలువుకు పైరవీ మనిషిని వెతికేవాడు నిండా మునుగుతాడు. ఎలాగో ఆ ముచ్చట తర్వాత వస్తుంది. వెతకాల్సింది ఉస్తాద్‌ను. ఫౌజులో డ్రిల్లు నేర్పేవాణ్ని ఉస్తాద్ అంటారు. లారీ స్టీరింగ్ నేర్పేవాణ్నీ, తాలింఖానాలో కుస్తీ పట్లు నేర్పేవాణ్నీ పాలమూరులో అలాగే పిలుస్తారు. ఉస్తాద్ కొలువు ఇప్పించడు. తప్పు చేసినప్పుడు చేతి మీద ఒకటేస్తాడు.

చూసింది, విన్నది, ఊహించింది

వేగు, గూఢచారి అనగానే మారువేషాలు, గోడ దూకడాలు కళ్ల ముందు మెదులుతాయి. అసలు పని చాలావరకు కుర్చీలో కూర్చుని చేసేది. నలుగురు చెప్పిన నాలుగు రకాల మాటల్ని పక్కపక్కన పెట్టి, ఏది చూసి చెప్పిందో, ఏది విని చెప్పిందో, ఏది ఊహించి చెప్పిందో విడదీసి, పై అధికారి రెండు నిమిషాల్లో చదివేలా ఒక పేజీ రాయాలి. ఇంటెలిజెన్స్ అంటే ఆ పేజీయే. మిగతాదంతా దానికి సరుకు తెచ్చే ఏర్పాటు.

బెటాలియన్ ఇంటెలిజెన్స్ సెక్షన్‌లో కూర్చున్నవారికి ఏ-1, బీ-2, ఎఫ్-6 లాంటి గుర్తులు కొత్త కాదు. చెప్పిన మనిషి ఎంత నమ్మదగినవాడో అక్షరం చెబుతుంది, ఏ నుంచి ఎఫ్ దాకా. చెప్పిన మాట ఎంత నిజమనిపిస్తోందో అంకె చెబుతుంది, 1 నుంచి 6 దాకా. రెండింటినీ విడివిడిగా వేయాలి, కిటుకంతా అక్కడే ఉంది. ఎంత నమ్మకస్తుడైనా ఒకనాడు పొరపాటు మాట మోసుకురావచ్చు. ఊరందరికీ అబద్ధాలకోరుగా తెలిసినవాడు ఒకనాడు నిజం చెప్పొచ్చు. ఎఫ్ అంటే అందరికన్నా చెడ్డవాడని చాలామంది అనుకుంటారు. నమ్మదగనివాడికి వేసేది ఈ. ఎఫ్ అంటే ఇంకా తేల్చలేం అని. ‘తెలియదు’ అనే మాటకు ప్రత్యేకంగా ఒక గడి కేటాయించిన పద్ధతి ఇది. మన రచ్చబండల మీద గానీ, టీవీ చర్చల్లో గానీ ఆ గడి ఉండదు.

కార్గిల్ సంగతే చూడొచ్చు. 1999 మే మొదట్లో బటాలిక్ వైపు కొండల్లో తప్పిపోయిన జడలబర్రెను వెతుక్కుంటూ పోయిన తాషి నామ్‌గ్యాల్ అనే పశువుల కాపరి బైనాక్యులర్స్‌లో పరాయి మనుషుల్ని చూసి సైన్యానికి చెప్పాడు. నారాయణపేట నుంచి మందలు తోలుకుని ఊర్లు తిరిగే గొల్ల, కురుమ కాపరులకు ఏ గుట్ట మీద ఎవరి అడుగు కొత్తదో తెలిసినట్టే అతనికీ తెలిసింది. యుద్ధం ముగిశాక కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన కమిటీ తప్పు ఎక్కడ జరిగిందో తవ్వింది. రకరకాల సంస్థల దగ్గర ముక్కలుముక్కలుగా ఉన్న సమాచారాన్ని ఒకచోట పోసి చదివే ఏర్పాటు బలహీనంగా ఉందని తేలింది. 2001లో మంత్రుల బృందం ఇచ్చిన నివేదికను పట్టుకుని 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ, 2004లో సాంకేతిక నిఘా చూసే ఎన్‌టీఆర్‌ఓ (నేషనల్ టెక్నికల్ రీసెర్చ్ ఆర్గనైజేషన్) పుట్టాయి. ఇవాళ మాజీ సైనికుడు ఆశపడే కొలువుల్లో కొన్ని ఆ కాపరి వెతికిన జడలబర్రె వెనకాలే వచ్చాయని చెప్పినా తప్పులేదు.

తలుపులు ఎక్కడెక్కడ

అన్నిటికన్నా వెడల్పయిన తలుపు కేంద్రం నడిపే ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ)ది. 2025లో ఆ సంస్థ ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) గ్రేడ్-2 ఎగ్జిక్యూటివ్ పోస్టులు 3,717, సెక్యూరిటీ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ పోస్టులు 4,987 ప్రకటించింది. మొదటిదానికి డిగ్రీ, రెండోదానికి పదో తరగతి అడిగారు. రెండింటికీ వయసు 18 నుంచి 27. ఈ అంకె చూడగానే ‘మనకు 37 దాటింది, మనకెక్కడిది’ అని కాగితం మడిచి పక్కన పెట్టే ఫౌజీలు చాలామంది. కేంద్ర ప్రభుత్వ లెక్క వేరు. మాజీ సైనికుడి అసలు వయసులోంచి సర్వీసు కాలాన్ని తీసేస్తారు. అలా తీసేశాక మిగిలింది గరిష్ఠ వయసు కంటే మూడేళ్లకు మించి ఎక్కువ ఉండకూడదు, అంతే. పందొమ్మిదో ఏట చేరి పదిహేడేళ్లు చేసి 37లో దరఖాస్తు పెట్టే నాయక్‌కు ఆ లెక్కన వయసు ఇరవయ్యే. ఇంటికి చేరేసరికి ముసలివాణ్నయ్యాననుకునే మనిషి కాగితం మీద కాలేజీ పిల్లవాడు.

కేంద్రంలో గ్రూప్-సీ నేరు నియామకాల్లో మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంది. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవారిని, సాంకేతిక అనుభవం అవసరం లేని గ్రూప్-సీ రిజర్వు పోస్టులకు డిగ్రీ ఉన్నట్టే చూసే నియమమూ ఉంది. అయితే ప్రతి నోటిఫికేషన్‌లోనూ మాజీ సైనికుల పేరా ఒకటి ఉంటుంది. అది చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నోటిఫికేషన్‌ను యూట్యూబ్ వీడియోలో విని దరఖాస్తు పెట్టేవారికి ఆ పేరా ఎప్పటికీ కనబడదు. సైన్యంలో సరఫరాలు చూసే ఏఎస్‌సీలో బండి నడిపినవారికి బ్యూరో మోటార్ ట్రాన్స్‌పోర్ట్ పోస్టులు, సిగ్నల్స్ వారికి జూనియర్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ టెక్నికల్ పోస్టులు వేరుగా పడతాయి. టెక్నికల్ పోస్టుకు నోటిఫికేషన్ అడిగేది డిప్లొమా లేదా డిగ్రీ. ఫౌజు ట్రేడ్ సర్టిఫికెట్ ఒక్కటి చూపిస్తే సరిపోతుందని నమ్ముకోకూడదు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్లు నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నాయి. సర్వీసులో ఉండగానే ఇగ్నో డిగ్రీ మొదలుపెట్టినవాడికి ఇంటికొచ్చాక మూడేళ్లు కలిసొస్తాయి.

1968లో ఐబీ నుంచి విడదీసి పెట్టిన విదేశీ నిఘా సంస్థ ‘రా’ పేరుతో ప్రకటన ఎక్కడా కనబడదు. కేబినెట్ సెక్రటేరియట్ పేరుతో డెప్యుటీ ఫీల్డ్ ఆఫీసర్ (టెక్నికల్) ప్రకటనలు మాత్రం వస్తుంటాయి. గేట్ (GATE) పరీక్ష స్కోరు ఉన్న ఇంజనీర్లకు అవి. దరఖాస్తును ఢిల్లీ లోధీ రోడ్డు హెడ్ పోస్టాఫీసులోని ఒక పోస్టు బ్యాగు చిరునామాకు మామూలు పోస్టులో పంపమన్న సందర్భాలున్నాయి. ఆన్‌లైన్ కాలంలో స్టాంపు అంటించుకునే కొలువులు ఇంకా మిగిలి ఉన్నాయన్నమాట.

చాలామంది చూడకుండా దాటిపోయే తలుపు ఒకటుంది. కేంద్ర సంస్థలు డెప్యుటేషన్ మీద మనుషుల్ని తీసుకునే సర్క్యులర్లలో ‘ఏడాదిలోగా రిటైర్ కాబోతున్న లేదా రిజర్వుకు మారబోతున్న సాయుధ దళాల సిబ్బందినీ పరిశీలిస్తాం’ అనే వాక్యం తరచుగా ఉంటుంది. డిశ్చార్జి తేదీ దాకా డెప్యుటేషన్, తర్వాత రీ-ఎంప్లాయ్‌మెంట్. అంటే ఈ తలుపు తీసి ఉండేది సర్వీసు చివరి ఏడాదిలోనే. ఆ ఏడాది మనవాళ్లు చేసేదేమిటంటే ఇల్లు కట్టడానికి లీవు పెట్టడం, బోరు వేయించడం, పిల్లల స్కూలు వెతకడం. అవీ అవసరమే. కానీ డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ కోర్సులకూ, ఈ సర్క్యులర్లకూ, ఎన్ఓసీకీ టైమ్ అదే. ఊరికొచ్చి సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు రాయించుకునే నాటికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) డిగ్రీవాళ్ల కోసం నిర్వహించే సీజీఎల్ పరీక్షలో ఐబీలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, ఎన్‌ఐఏలో సబ్ ఇన్‌స్పెక్టర్, ఈడీలో అసిస్టెంట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ పోస్టులూ కలిసి ఉంటాయి. రాష్ట్ర నిఘా విభాగాల్లోకి పోలీసు శాఖ మెట్లెక్కే పోవాలి. 2024లో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటికొచ్చాక ఆ విభాగాల పేరు వీధివీధికీ తెలిసింది. అనుమతి లేకుండా వినడం నైపుణ్యం కాదని, అది కేసు అవుతుందని కూడా అప్పుడే తెలిసింది.

ఒకసారే పేలే తూటా

కోటా విషయంలో ఒక చిక్కుంది, దీన్ని ఎవరూ చెప్పరు. మాజీ సైనికుల రిజర్వేషన్ వాడుకుని ప్రభుత్వంలో ఏ సివిల్ కొలువులో చేరినా, ఇంకో కొలువుకు ఆ కోటా పనిచేయదు. బ్యాంకు గార్డుగానో గుమస్తాగానో తొందరపడి చేరినవాడు ఆరు నెలల తర్వాత ఐబీ నోటిఫికేషన్ చూసి నాలుక కరుచుకునేది ఇందుకే. దీనికి విరుగుడు 2014 ఆగస్టులో కేంద్ర సిబ్బంది శాఖ ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. చేరేలోపే పెట్టిన దరఖాస్తులన్నిటినీ తేదీలతో సహా కొత్త యజమానికి రాతపూర్వకంగా తెలిపితే, ఆ దరఖాస్తుల వరకు కోటా బతికే ఉంటుంది. ఒక తెల్లకాగితం, దాని మీద ఒక సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకున్న ఒక కాపీ. ప్రైవేటు కొలువుకూ కాంట్రాక్టు పనికీ ఈ బాధ లేదు, వాటిలో చేరినంత మాత్రాన కోటా పోదు. ఈ లెక్కన పోలేపల్లి గేటు దగ్గర కూర్చుని పరీక్షకు చదువుకునేవాడు, బ్యాంకు గేటు దగ్గర పర్మినెంటు అయినవాడి కంటే ఒక విధంగా నయం.

పరీక్షలో ఫౌజీలను పడగొట్టేది వయసు కాదు, భాష. 2025 సెక్యూరిటీ అసిస్టెంట్ పరీక్షలో రెండో అంచె ఏమిటంటే, 500 పదాల భాగాన్ని స్థానిక భాష నుంచి ఇంగ్లిషులోకీ ఇంగ్లిషు నుంచి స్థానిక భాషలోకీ మార్చడం. ఒక గంట సమయం, 50 మార్కులు. నల్లగొండ నుంచి పోయిన సిపాయి పదిహేడేళ్లు హిందీలో బతికాడు. కలలు కూడా హిందీలోనే వచ్చి ఉంటాయి. తెలుగు మాట్లాడతాడు గానీ, రాయమంటే ‘సంక్షేమం’ దగ్గర కలం ఆగుతుంది. ఇంగ్లిషు ఎటూ అంతంతమాత్రం. అందుకని పరీక్షకు చదవడమంటే జనరల్ నాలెడ్జి బిట్లు బట్టీ పట్టడమనుకునే కోచింగ్ సెంటర్ పద్ధతి ఇతనికి సగమే అక్కరకొస్తుంది. జిల్లా ఎడిషన్ పేజీలోంచి రోజుకో వార్త తీసి ఇంగ్లిషులోకి మార్చి, మర్నాడు ఆ ఇంగ్లిషును మళ్లీ తెలుగులోకి తెచ్చి, అసలు వార్త పక్కన పెట్టి చూసుకుంటే ఎక్కడ జారుతున్నాడో అతనికే కనబడుతుంది.

భాషలోనే బలమూ ఉంది. పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో ఉర్దూ వినికిడి పుట్టుకతో వస్తుంది. దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలకు లంబాడీ ఇంటి భాష. కుప్వారాలో మూడేళ్లు ఉన్నవాడు కశ్మీరీ ముక్కలు పట్టుకొస్తాడు, దిమాపూర్‌లో ఉన్నవాడు నాగామీస్. ఇవేవీ డిశ్చార్జి బుక్కులో ఉండవు. దరఖాస్తులో భాషల గడి దగ్గర ‘తెలుగు, హిందీ’ అని రాసి ఊరుకుంటారు.

పట్నంలో రాత్రి షిఫ్టు

ప్రభుత్వ పరీక్షల బయట, హైదరాబాద్‌లో బహుళజాతి కంపెనీలు పెట్టుకున్న కేంద్రాల్లో ఒక రకం పని పెరిగింది. వాటిని సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లు అంటారు. కంపెనీ ఉద్యోగులు, బస్సులు, గోదాములు ఉన్నచోటల్లా తుపాను వస్తోందా, బంద్ ఉందా, రోడ్డు మూశారా అని ఇరవైనాలుగు గంటలూ కనిపెట్టి చిన్న నోట్లు రాయడం అక్కడి పని. ఉదాహరణకు జడ్చర్లలో రాస్తారోకో అనుకుందాం. కొత్తగా చేరినవాడు రాసే నోటు ఇలా ఉంటుంది: ‘జడ్చర్ల దగ్గర హైవే మొత్తం జామ్. గొడవలు జరుగుతున్నాయి. పరిస్థితి ఉద్రిక్తం.’ చదివిన మేనేజరుకు భయం తప్ప ఏమీ మిగలదు. పని తెలిసినవాడి నోటు ఇలా ఉంటుంది: ‘ఉదయం 7.40కి జడ్చర్ల చౌరస్తాలో రాస్తారోకో మొదలైంది. కంపెనీ బస్సు డ్రైవర్ స్వయంగా చూశాడు, ఫొటో పంపాడు. ఎంతసేపో నిర్వాహకులు చెప్పలేదు. రాళ్లు రువ్వారంటూ తిరుగుతున్న వీడియోలో దుకాణం బోర్డు మీద ఉన్న ఊరు జడ్చర్ల కాదు. రెండో షిఫ్టు బస్సుల్ని షాద్‌నగర్‌లో ఆపి ఉంచితే మేలు. 9 గంటలకు మళ్లీ రాస్తాం.’

రెండో నోటులో రహస్యం ఏమీ లేదు. బోర్డు చదివిన కన్ను ఉంది, తెలియనిదాన్ని తెలియదని రాసిన చెయ్యి ఉంది. రాష్ట్రీయ రైఫిల్స్‌లో కాన్వాయ్‌కు రోడ్డు తెరిచే పార్టీలో తిరిగిన లాన్స్ నాయక్ రోజూ చేసింది ఇదే, కాకపోతే నోటితో చెప్పేవాడు. ఇప్పుడు ఇంగ్లిషులో ఐదు వాక్యాలు రాయాలి.

బ్యాంకుల్లోనూ ఇలాంటి పనే ఉంది. 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద అనుమానాస్పద లావాదేవీల్ని బ్యాంకులు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు తెలపాలి. ఫలానా ఖాతా మీద అనుమానం ఎందుకు కలిగిందో రాసే పేరా నిఘా నివేదికకు కవల తోబుట్టువు. సైబర్ వైపు మొగ్గేవారికి రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2023లో మొదలైంది. సీ-డాక్ హైదరాబాద్ కోర్సులున్నాయి. ఖరీదైన విదేశీ సర్టిఫికెట్లు కొనడం ఆఖరి మెట్టు కావాలి, చాలామంది దాన్నే మొదటి మెట్టు చేసుకుంటున్నారు. పింఛనులో కొంత వదులుకుని ఒకేసారి తీసుకున్న కమ్యూటేషన్ డబ్బుతో మూడు సర్టిఫికెట్లు కొన్నవాడు ఒక్క పేజీ నోటు రాయలేకపోతే ఇంటర్వ్యూ పది నిమిషాల్లో ముగుస్తుంది.

డిటెక్టివ్ ఏజెన్సీల సంగతి తేల్చేయొచ్చు. సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005 చట్టం ఉంది, లైసెన్సు ఉంది. ప్రైవేటు డిటెక్టివ్‌ల కోసం 2007లో తెచ్చిన బిల్లు చట్టం కాలేదు. కాల్ డేటా కొనుక్కురమ్మనే ఏజెన్సీలో చేరితే చేరినవాడే ముద్దాయి అవుతాడు.

నిండు కుండ

ఇక ఉస్తాద్. లోపల పనిచేసేవారిని పట్టుకుంటే అయిపోతుందని అందరి ఆశ. లోపలివారి నోటికి తాళాలున్నాయి. 1923 అధికార రహస్యాల చట్టం ఒకటి, నిఘా సంస్థల ఉద్యోగుల హక్కులకు హద్దులు పెట్టిన 1985 చట్టం ఒకటి. రిటైరైనవారు కూడా తమ సంస్థ పనికి సంబంధించి ఏదన్నా ప్రచురించాలంటే ముందస్తు అనుమతి ఉండాలని 2021 మేలో పింఛను నియమాలు సవరించారు. కాబట్టి నిండు కుండ తొణకదనే సామెత ఇక్కడ చట్టమే అయి కూర్చుంది. నిజంగా లోపలున్నాయన మాట్లాడడు. ‘నేను రాలో చేశాను, నీ పని చూస్తా’ అని పెళ్లి విందులో చెప్పేవాడు లోపలివాడు కాదు. అతను ఇంకో పది నిమిషాల్లో ఖర్చుల గురించి మాట్లాడతాడు.

రాత నేర్పే ఉస్తాద్‌లు మాత్రం చుట్టుపక్కలే ఉన్నారు. జిల్లా స్పెషల్ బ్రాంచిలో పాతికేళ్లు చేసి రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ప్రతి మండల కేంద్రంలోనూ ఒకాయన ఉంటాడు. పాస్‌పోర్టు విచారణకు వచ్చే ‘ఎస్‌బీ ఆయన’గానే ఊరికి తెలుసు. ఏ మీటింగుకు ఎంతమంది వచ్చారో గ్రౌండులో లారీలు లెక్కపెట్టి చెప్పగలిగినవాడు, రెండు పార్టీలవాళ్లూ చెప్పే అంకెల మధ్య అసలు అంకె పట్టుకున్నవాడు. ఆయన కేసుల ముచ్చట్లు అడగకూడదు, రాసే పద్ధతి అడగాలి. పాత యూనిట్ ఇంటెలిజెన్స్ సెక్షన్‌లో ఉన్న సుబేదార్ సాబ్ ఏ రాష్ట్రంలో ఉన్నా ఫోనుకు దొరుకుతాడు. పదేళ్లు మండల విలేకరిగా చేసినాయనకు పుకారుకూ వార్తకూ తేడా కనిపెట్టడం తిండి పెట్టిన విద్య. అనువాదానికి ప్రభుత్వ కాలేజీ ఇంగ్లిషు లెక్చరరు. పట్నంలో సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ సభల్లో, నల్, ఓవాస్ప్ లాంటి సైబర్ బృందాల హైదరాబాద్ శాఖల కూటముల్లో కంపెనీ సెక్యూరిటీ హెడ్లుగా ఉన్న మాజీ అధికారులు ఎదురవుతారు.

వారి దగ్గరికి ఎలా పోతామన్నదాని మీద సగం ఆధారపడి ఉంటుంది. ‘జైహింద్ సార్, ఏదన్నా జాబ్ ఉంటే చూడండి’ అనే మెసేజి, ఆ పైన రోజూ గుడ్ మార్నింగ్ పూల బొమ్మ. ఆయన మొహమాటానికి ‘తప్పకుండా’ అంటాడు, కథ అక్కడితో సరి. అదే ఒక పేజీ రాసుకుని పోతే మాట మారుతుంది. పేజీ దేని మీద? మిర్యాలగూడలో వరి కోతల కాలం అనుకుందాం. మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల వరుస వచ్చే వారం పెరుగుతుందా తగ్గుతుందా? దిగి చూసి లెక్కపెట్టింది ఎంత, డ్రైవర్లు చెప్పింది ఏమిటి, మిల్లు గుమస్తా చెప్పింది ఏమిటి, అతను అలా చెప్పడంలో అతని లాభం ఏమిటి, వానల సూచన ఏమంటోంది, వీటన్నిటి మీద రాసినవాడి అంచనా ఏమిటి, ఎంత గట్టిగా. తేదీ వేసి ఉస్తాద్‌కు ఇవ్వాలి. వారం తర్వాత మళ్లీ మిల్లుల దగ్గరికి పోయి లెక్కపెట్టాలి. అంచనా తప్పితే ఎక్కడ తప్పిందో ఎర్ర సిరాతో గీసుకోవాలి. ఇందులో దేశ రహస్యం లేదు, ఎవరి ఫోనూ వినలేదు. అయినా ఢిల్లీలో డెస్కు దగ్గర కూర్చున్నవాడు చేసే పని ఇదే. ఇలాంటి పేజీలు పన్నెండు చేతిలో ఉన్నవాడికి ఇంటర్వ్యూలో సొంత అనుభవం చెప్పడానికి యూనిట్ పేరు ఎత్తాల్సిన అవసరం రాదు.

వెతికేవాణ్ని వెతికేవాళ్లు

ఉస్తాద్ కోసం లింక్డిన్‌లో వెతకడం మొదలుపెట్టిన మాజీ సైనికుణ్ని ఇంకెవరో వెతుకుతూ ఉంటారు. 2022 జూన్‌లో రాచకొండ పోలీసులు హైదరాబాద్‌లోని క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ ప్రాజెక్టులో కాంట్రాక్టు మీద పనిచేసిన ఇంజనీరు ఒకరిని అరెస్టు చేశారు. క్షిపణుల సమాచారం బయటికి పోయిందన్నది కేసు. బ్రిటన్ రక్షణ పత్రిక ఉద్యోగినిగా పరిచయం చేసుకున్న ఒక ఫేస్‌బుక్ ఖాతాతో అది మొదలైందని పోలీసులు చెప్పారు. వల విసిరే తీరు ఎక్కడైనా ఒకటే. మొదట పొగడ్త, తర్వాత ‘మీ అనుభవం మీద చిన్న వ్యాసం రాయండి, పారితోషికం ఇస్తాం’, ఆ తర్వాత ‘ఇంకొంచెం వివరంగా’. ఉస్తాద్‌కూ వలగాడికీ తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఉస్తాద్ ఎలా రాశావని అడుగుతాడు. వలగాడు ఎక్కడ పనిచేశావు, ఎవరితో, ఏ పరికరంతో అని అడుగుతాడు. మొదటి డబ్బు ఎప్పుడూ వలగాడి నుంచే వస్తుంది.

రెజ్యూమెలోనూ ఇదే జాగ్రత్త. ‘ఫలానా సెక్టారు, ఫలానా పోస్టు, ఇంటర్‌సెప్ట్ డ్యూటీ’ అని రాసుకునేవారు కంపెనీకి పనికిరాని సమాచారం ఇస్తున్నారు, ఇంకెవరికో పనికొచ్చేది ఇస్తున్నారు. ‘పన్నెండు గంటల షిఫ్టుల్లో వచ్చిపడే సమాచారంలోంచి ముఖ్యమైనది ఏరి, గంటలోపు రాతపూర్వక నివేదిక ఇచ్చిన అనుభవం, కింద ఆరుగురికి శిక్షణ’ అంటే కంపెనీకి కావాల్సింది దొరుకుతుంది.

పైరవీ వెతికేవాడు మునిగేదీ ఈ రెండు చోట్లే. ఒకడు కొలువు ఇప్పిస్తానని అతని డబ్బు తీసుకుంటాడు, ఇంకొకడు అతనికే డబ్బిచ్చి నోరు కొనుక్కుంటాడు.

త్వరలో ఈ తొవ్వ మీద రద్దీ పెరుగుతుంది. 2022 జూన్‌లో ప్రకటించిన నాలుగేళ్ల సైనిక కొలువు పథకం అగ్నిపథ్ కింద మొదటి బ్యాచ్ శిక్షణ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో 2023 జనవరిలో మొదలైంది. నాలుగేళ్లంటే 2027 మొదలు. 25 శాతం దాకా ఉండిపోతారు, మిగతావారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవా నిధితో ఊర్లకు వస్తారు. పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు కాబట్టి ఆ కోటా కూడా లేదు. రహస్యాల చట్టం మాత్రం వారికీ వర్తిస్తుందని నోటిఫికేషన్‌లోనే రాశారు. వీరి వయసు ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు మధ్య ఉంటుంది, అంటే చాలామంది ఏ లెక్కా వేయకుండానే ఐబీ వయసు గీతకు లోపల ఉంటారు. పదిహేడేళ్లు కాక నాలుగేళ్లే హిందీలో బతికారు గనక ‘సంక్షేమం’ రాయడం ఇంకా మరిచిపోయి ఉండరు. వారు దిగే నాటికి కొల్లాపూర్‌లోనో హాలియాలోనో పాత హవల్దారు ఒకాయన వరి ట్రాక్టర్ల మీద పన్నెండు పేజీలు రాసి ఎర్ర సిరా దెబ్బలు తిని ఉంటే, వారికి ఉస్తాద్ కోసం పట్నం బస్సెక్కే పని ఉండదు.